చక్రానికి కోరలు



ఛందస్సును, శబ్దవ్యుత్పత్తులను గూర్చి వ్రాసుకొనే ఈ పుటలో నేడు ఇనుప మేకులను, టైర్లను, బురదను గూర్చి వ్రాస్తున్నానంటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. ముప్పది యేండ్లు పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పి విశ్రాంతి తీసుకొన్న తెలుగు పండితునికి బండి చక్రంతో పని యేమి? ఉన్నది. ఆ చక్రం కారణంగా మా అన్న నాతో మాటలాడడం మానివేశాడు. జరిగినది చెప్పి, నా అభిప్రాయం చెప్పి, మీ తీర్పు కోరుతాను.

మొన్నటి జనవరిలో ఒక సాయంకాలం మనుమరాలిని వెంటబెట్టుకొని నాంపల్లిలో నుమాయిష్‌కు వెళ్ళాను. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుండి ఇప్పటి మైదానంలో జరుగుతున్న ఆ ప్రదర్శనకు వెళ్ళని యేడు నా జ్ఞాపకంలో లేదు. అక్కడ పిల్లల ఆటల వైపు నాలుగు లావు చక్రాల చిన్న బండ్లు కొన్ని ఉన్నవి. మనుమరాలు ఒకదానినెక్కి గుండ్రంగా నాలుగు చుట్లు తిరిగి దిగింది. దాని చిత్రం తీసి, అమెరికాలో మిన్నెసోటాలో ఉన్న మా చిన్నవాడికి పంపాను. ఆ రాత్రి వాడు బదులుగా ఒక దృశ్యఖండం పంపాడు. వాడి మిత్రుడొకడు అచ్చముగా అటువంటి బండినే, కాకపోతే పెద్దవారు తోలేదానిని, గడ్డకట్టిన సరస్సు మీద పరుగెత్తిస్తున్నాడు. అద్దం వంటి ఆ నీటిగడ్డ మీద మనిషి నిలబడడమే కష్టం. బండి మాత్రం పొలం గట్టు మీద పోయినట్లు పోతున్నది.

"జారదా నాయనా?" అని అడిగాను.

"టైర్లకు మేకులు దిగగొట్టాము నాన్నా" అన్నాడు.

ఆ బండిని వారు ఏటీవీ అంటారు. అన్ని నేలల మీదా పోయే బండి అని అర్థం. పేరు అన్ని నేలలది గాని, గడ్డకట్టిన నీరు దగ్గర దాని రబ్బరు టైరు ఓడిపోతుంది. కరగబోయే దశలో ఉన్న మంచుగడ్డ పైన కంటికి కనబడని తడిపొర ఒకటి ఉంటుంది. రబ్బరు ఎంత మెత్తగా హత్తుకొన్నా ఆ పొర మీద జారిపోతుంది. అందుచేత టైరు పైనున్న రబ్బరు దిమ్మలలోనికి చిన్న చిన్న మరమేకులు బిగిస్తారు. మేకు కొనన టంగ్‌స్టన్ కార్బైడు అనే మిక్కిలి కఠిన పదార్థం ఉంటుంది. అది గడ్డలో గ్రుచ్చుకొంటుంది. బండి కదలడానికైనా, ఆగడానికైనా ఆ గ్రుచ్చుకొన్న మొనయే ఆధారం.

దానిలో కూడా పద్ధతి ఉన్నదని మావాడు చెప్పాడు. మేకు పొడవు రబ్బరు దిమ్మ మందానికి మించరాదు. మించితే లోపలి పొరను పొడిచి గాలి పోగొడుతుంది. మేకులన్నీ ఒకే వరుసలో ఉండరాదు. ఉంటే ముందుది గీచిన గాడిలోనే వెనుకది పడి పట్టు చిక్కదు. వెనుక చక్రాలకు మాత్రమే కొడితే బండి ముందుకు పోతుంది గాని మలుపు తిరుగదు. ముందు చక్రాలకూ కావలె. తోలేవాని కాలికి తగులకుండా చక్రాల పైన గట్టి కప్పు ఉండవలె. అన్నింటికన్న ముందు గడ్డ మందం చూచుకోవలె. ఇటువంటి బండికి, గట్టిపడిన కొత్త గడ్డ అయినా సరే, అయిదు నుండి ఏడు అంగుళాల మందం కావలెనని ఆ రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖవారు చెబుతారు. మేకు పట్టు ఇస్తుంది గాని, పలుచని గడ్డను మందం చేయదు గదా!

నాకు మిక్కిలి నచ్చిన మాట వాడు చివర చెప్పాడు. ఆ బండిని ఇంటి నుండి సరస్సు దాకా తోలుకొని పోరట. ట్రాలీ మీద ఎక్కించి, కారుకు తగిలించి తీసుకొనిపోయి, ఒడ్డున దింపుతారట. ఎందుకని అడిగితే, "తారు మీద నడిపితే మేకులూ పోతాయి, రోడ్డూ పోతుంది నాన్నా" అన్నాడు. ఆ రాష్ట్రంలో కార్లకు మేకుల టైర్లు కొన్నాళ్ళు వాడుకలో ఉండి, రోడ్లు అరిగి గాళ్ళు పడుతున్నందున 1971లో నిషేధింపబడినవట. ఏడాదిలో నాలుగైదు నెలలు మంచులో మునిగి ఉండే రాష్ట్రం, జారి పడే భయం ఉండి కూడా, రోడ్డును కాపాడుకొనడానికి ఆ పని చేసింది. అయితే సరస్సు మీద మేకులను కాదనలేదు.

ఈ సంభాషణ జరిగిన మూడవనాడు ఊరి నుండి మా అన్న ఫోను చేశాడు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. యాసంగి నాట్ల కాలం. మా అన్న కొడుకు ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించుకొని, ఊరికి అటువైపున్న పొలంలో కరిగెట చేసి, ఆ చక్రాలు విప్పకుండానే తారు రోడ్డు మీదుగా ఇటువైపు పొలానికి వస్తుంటే పట్టుకొన్నారు. జరిమానా కట్టి, ఇంకెన్నడూ అట్లు చేయనని కాగితం వ్రాసి ఇచ్చి బండిని విడిపించుకొన్నాడు. మా అన్న కోపంతో మండిపడుతున్నాడు.

"తమ్మీ, నువ్వు పంతులువు. మంచిగ ఒక దరఖాస్తు రాయి. రైతు బురదల దున్నద్దా? ఇసుక లారీలు పోతె ఖరాబు గాని రోడ్డు మా ఇనుప చక్రంతోనే ఖరాబయితదా? గట్టిగ రాయి" అన్నాడు.

మా కుటుంబంలో దరఖాస్తులు వ్రాసేది నేనే. మా నాయన బ్రతికి ఉన్న కాలం నుండి అది నా వంతు. "సరే అన్నా" అన్నాను. కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. రెండు వాక్యాలు వ్రాసిన తరువాత కలం సాగలేదు. మూడునాళ్ళ క్రితం చూచిన సరస్సు, మేకుల చక్రం, దానిని మోసుకొని పోయే ట్రాలీ కళ్ళ ముందు నిలిచినవి. మా అన్న కొడుకు చక్రానికి ఉన్నవీ అవే కోరలు కదా!

పల్లెతో పరిచయం లేని మిత్రుల కోసం ఆ చక్రాన్ని కొంచెం వివరిస్తాను. కోస్తా సీమలో దమ్ము చక్రాలంటారు. పత్రికలవారు కేజ్ వీల్స్ అని వ్రాస్తారు. గుండ్రని ఇనుప చట్రానికి అడ్డంగా ఇనుప పట్టీలు వరుసగా వెల్డింగు చేసి ఉంటాయి. రబ్బరు టైరు తీసివేసి దాని స్థానంలో పెట్టేవి కొన్ని. టైరును ఉంచి దాని ప్రక్కన బిగించేవి కొన్ని. నీరు పెట్టిన పొలంలో ఉత్త రబ్బరు టైరు ఉన్నచోటనే గిరగిర తిరిగి దిగబడిపోతుంది. ఇనుప పట్టీలు మెత్తని బురదను కోసుకొంటూ పోయి, అడుగున ఉన్న గట్టి నేలను పట్టుకొంటాయి. బండి కదులుతుంది; కదులుతూనే మన్నును చిలుకుతుంది. ఆ చిలుకుడు వల్ల మట్టి మెత్తని అడుసై అడుగున పేరుకొని, నీరు త్వరగా ఇంకిపోదు. కలుపు లోపలికి అణగిపోతుంది. నారు నాటడానికి నేల సిద్ధమవుతుంది. కాబట్టి ఆ చక్రం లేనిదే ఈనాడు వరి లేదంటే అతిశయోక్తి కాదు. మన కంచంలోని అన్నం ఆ కోరలు నమిలిన బురద నుండే వచ్చింది.

అదే చక్రం తారు మీదికి వచ్చినప్పుడు జరిగేది వేరు. ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులు. రబ్బరు టైరు మీద ఆ బరువు అరచేయి ఆనించినట్లు పరచుకొని పడుతుంది. ఇనుప చక్రం మీద ఏ క్షణాన చూచినా నేలకు తగిలేది ఒకటి రెండు పట్టీల అంచులు మాత్రమే. బరువంతా ఆ అంచుల మీదనే. ప్రతి అడుగుకూ ఉలితో కొట్టినట్లే. ఎండకు మెత్తబడిన తారులో గంట్లు పడతాయి. ఆ గంట్లలో నీరు నిలుస్తుంది. నీరు అడుగున కంకరలోకి దిగుతుంది. అటుపైన ప్రతి బండీ ఆ గంటును గుంతగా మారుస్తుంది.

ఇనుమునకు, బాటకు ఈ వైరం క్రొత్తది కాదు. 1907లో నాంపల్లి స్టేషను కట్టిన నాటికి సామాను మోసే ఎడ్ల బండి అంటే ఇనుప పట్టా బండియే. కుంభం, ఆకులు, పూటీలు, వాటి చుట్టూ ఎర్రగా కాల్చి తొడిగిన ఇనుప పట్టా. సంస్కృతంలో నేమి అన్నది ఆ అంచునే. పట్టా లేనిదే కర్ర అరిగిపోతుంది. పట్టా ఉంటే బాట అరిగిపోతుంది. డన్లప్ అనే పశువైద్యుడు 1888లో గాలి నింపిన టైరుకు పేటెంటు పొందిన తరువాత ప్రపంచం మెల్లగా ఇనుము నుండి రబ్బరుకు మారింది. మన నగరంలో 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు ఆ రబ్బరు చక్రాలే తిరిగినవి. తరువాత ఎడ్ల బండ్లకు కూడా టైర్లు వచ్చినవి. మా చిన్నతనంలో "టైరు బండి" ఉన్న ఇల్లంటే గొప్ప ఇల్లు.

అయితే రబ్బరుకు చేతకాని చోట్లు రెండు మిగిలినవి: ఒకటి మంచుగడ్డ, రెండవది బురద. ఆ రెండు చోట్లా మానవుడు రబ్బరుకు మరల ఇనుమును తోడు తెచ్చుకొన్నాడు. నిజానికి చలిదేశాలలో మోటార్లకు ముందే గుర్రపు లాడాలకు మొనదేలిన మేకులు బిగించి మంచు మీద నడిపించేవారు. చక్రానికి కోర పుట్టడానికి మూలం గుర్రపు గిట్ట. పెండ్లిళ్ళ కాలంలో నాంపల్లి సందులలో బారాత్ గుర్రం టకటకమంటూ పోతుంటే ఇప్పుడు నాకు ఆ సంగతి గుర్తుకు వస్తుంది.

మంచుదేశాల అనుభవం మనకెందుకని కొందరు అనవచ్చు. అందులో మనకు పనికివచ్చే పాఠం ఉన్నది. ఫిన్లండువారు 1961లోనే తమ ప్రసిద్ధమైన శీతకాలపు టైరుకు మేకులు అమర్చి అమ్మినారు. ఇప్పటికీ అక్కడ చలికాలంలో అవి తిరుగుతాయి. పశ్చిమ జర్మనీ 1975లో వాటిని నిషేధించింది. జపానులో చలి ప్రాంతపు నగరాలలో మేకులు రోడ్డును గీకగా లేచిన దుమ్ము జనం ఊపిరితిత్తులలోకి పోతున్నదని ఉద్యమాలు జరిగి, 1990లో చట్టం వచ్చింది. ఒక్కొక్క దేశం ఒక్కొక్క విధంగా తేల్చుకొన్నది. కాని అన్ని చోట్లా ప్రశ్న ఒక్కటే. పట్టు చిక్కేది ఒకనికి, అరిగేది అందరిది. ఈ లెక్క ఎట్లు సరిచేయవలె?

ఇంతవరకు ఆలోచించి, మా అన్న వాదాన్ని కూడా న్యాయంగా తూచిచూడవలెనని అనుకొన్నాను. ఇసుక లారీల మాట ఆయన కోపంలో అన్నా అది నిజమే. 1950ల చివర అమెరికాలో ఇల్లినాయిలో రోడ్ల మీద పెద్ద పరీక్ష జరిపి తేల్చిన సంగతి ఒకటున్నది. ఇరుసు మీది బరువు రెట్టింపైతే రోడ్డుకు కలిగే హాని రెట్టింపు కాదు, సుమారు పదహారింతలు. అధిక భారంతో పోయే ఒక్క లారీ ఎన్ని చిన్న బండ్ల పాపం మూటగట్టుకొంటుందో ఊహించుకోండి. రైతు చక్రం చేసిన గాయం పైకి కనబడుతుంది, వరుసగా కుట్లు వేసినట్లుంటుంది. లారీ చేసిన గాయం లోపల ఉంటుంది, ఎవరిదో తెలియదు. కనబడే గాయానికే శిక్ష పడుతున్నదన్న మా అన్న మాటలో ధర్మం ఉన్నది.

ఇంకొక కష్టం ఉన్నది. ఒక్కొక్క రైతుకు ఉన్న నాలుగు ఎకరాలు నాలుగు చోట్ల ఉంటాయి. మడికి మడికి నడుమ చక్రాలు విప్పి, టైర్లు బిగించి, మరల విప్పడమంటే ఇద్దరు మనుషుల పని, గంటల కాలం. ట్రాక్టరు అద్దె గంటల లెక్కన. మిన్నెసోటా కుర్రవాని బండిని చిన్న ట్రాలీ మోస్తుంది. రెండు టన్నుల ట్రాక్టరును మోసే బండి పల్లె రైతుకు ఎక్కడిది?

ఈ చిక్కుకు ఏదైనా ఉపాయం దొరుకుతుందేమోనని ఆదివారం నాడు ఆబిడ్స్‌లో కాలిబాట మీది పాత పుస్తకాలు తిరగవేసి, అటునుండి నాంపల్లి సందులో నాకు తెలిసిన ఒక పాత టైర్ల దుకాణానికి వెళ్ళాను. దాని యజమాని నా యీడువాడు. అరిగిన టైరును గీకి, క్రొత్త రబ్బరు అతికించి, ఆవిరి వేడిలో ఉడికించి మరల పనికి తెచ్చే విద్యలో ఆయన ఆరితేరినవాడు. "సాబ్, ఇనుప పట్టీల మీద పాత టైరు ముక్కలు బిగిస్తే రోడ్డు మీద పోవచ్చు కదా?" అని అడిగాను. ఆయన నవ్వాడు.

"మాస్టర్ సాబ్, రబ్బరు బిగిస్తె బురదల పట్టు పోతది, ముక్కల నడుమ మట్టి ఇరుకుతది, రెండు దినాలల్ల ఊడుతది. రబ్బరు బురదల పనికి రాదు, ఇనుము రోడ్డు మీద పనికి రాదు. ఏ జాగల ఏదుండాలెనో అదే ఉండాలె. మీ ఊర్ల పొలాలకు వేరే బాట లేదా?"

నేను జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఉన్నది. ఉండేది.

నా చిన్నతనంలో పొలాలకు పోవడానికి తారు రోడ్డు తొక్కవలసిన పని లేదు. అసలు తారు రోడ్డే లేదు. ఊరి నుండి చెరువు కట్ట దాకా, అక్కడి నుండి శివారు దాకా మట్టి బాటలుండేవి. కోస్తాలో డొంక అంటారు, గోదావరి సీమలో పుంత అంటారు, మా వైపు బండ్ల బాట అంటారు. గ్రామ నక్షాలో ఇప్పటికీ అవి గీతలుగా ఉన్నవి. రెండు బండ్లు ఎదురుపడితే ఒకటి ఒరిగి దారి ఇచ్చేంత వెడల్పు. కాలక్రమంలో రోడ్డు వచ్చింది, బాట పనిలేనిదయింది. ప్రక్క పొలాల గట్లు ఏటికొక జానెడు బాటలోకి జరిగినవి. ఇప్పుడు అక్కడ మనిషి నడవడానికి గట్టు మిగిలింది. ట్రాక్టరు ఎక్కడికి పోవలె? తారు మీదికే రావలె.

అంటే రోడ్డు మీద కోరలు పడడానికి ముందే బాటకు కోరలు పడినవి. ఇనుప కోరలు కావు, ఆశ కోరలు.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పవలె. ఆ బాటలోకి జరిగిన గట్లలో మాదొకటి. మా నాయన కాలంలోనే జరిగింది. నేను కాలేజీ సెలవులకు వెళ్ళినప్పుడు ఆ క్రొత్త గట్టు మీద కూర్చుండి పద్యాలు చదువుకొన్నాను. దానిమీద కూర్చున్నవానికి అది ఎవరి భూమియో అన్న ఆలోచన రాలేదు.

ఇంటికి వచ్చి దరఖాస్తు వ్రాశాను. మా అన్న అడిగిన దరఖాస్తు కాదు. జరిమానా తప్పని ఒక్క మాట వ్రాయలేదు. నేను వ్రాసినది మూడు కోరికలు. మొదటిది, నక్షా ప్రకారం బండ్ల బాటలు కొలిచి, ఆక్రమణలు తొలగించి, మొరము పోయించవలె. అందులో మా సర్వే నంబరు కూడా ఉన్నది, ముందు దానినే కొలవవలె. రెండవది, బాట రోడ్డును దాటవలసిన రెండు చోట్ల ఇనుప చక్రం తగిలినా చెడని గట్టి కాంక్రీటు అడ్డుపట్టీ వేయించవలె. మూడవది, ఇనుప చక్రాన్ని ఆపిన శ్రద్ధతోనే అధిక భారపు లారీలను కూడా ఆపవలె. చిత్తుప్రతి ముందుగా మా అన్నకు చదివి వినిపించాను.

ఆయన చాలాసేపు మాటలాడలేదు. తరువాత "నాయన పెట్టిన గట్టు తమ్మీ" అన్నాడు.

"అవునన్నా. బాట అంతకు ముందుది" అన్నాను.

"పట్నంల కూసుండి రాస్తవు. గట్టు పోతె రెండు గుంటలు పోతది. నీకేం పోయింది?" అని పెట్టివేశాడు. ఆ మాటలో నిజం ఉన్నది. పొలం దున్నేది ఆయన, ఎండకు ఎండేది ఆయన. నేను పింఛను తీసుకొని కాలిబాట మీద పుస్తకాలు ఏరుకొనేవాణ్ణి. నాకు పోయేది కాగితం మీది వాటా మాత్రమే. అయినా ఆ దరఖాస్తు పంపాను. మరునాడు మా వదినతో మాటలాడాను. ఆమె ఒక్క మాటే అన్నది: "నన్ను గుండెనొప్పికి నూట ఎనిమిదిల ఏసుకొని పోయింది గా రోడ్డు మీదనే గద మరిదీ. ప్రతి గుంతకు పాణం పోయినట్టయింది." 108 బండి మన రాష్ట్రంలో 2005లో మొదలైంది. అది ఊరి దాకా రాగలిగినది ఆ తారు రోడ్డు ఉన్నందువల్లనే. వదిన మాట విన్న తరువాత నా మనస్సులో ఉన్న కొద్దిపాటి సందేహం కూడా తొలగింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఇనుప చక్రాన్ని రోడ్డు మీద నిషేధించడం న్యాయమే. రోడ్డు అందరి సొత్తు. ఒకరి తొందర కోసం దానిని చీల్చరాదు. అయితే నిషేధం ఒక్కటే చాలదు. రైతును రోడ్డు మీది నుండి దిగుమన్నప్పుడు దిగడానికి బాట చూపవలె. మిన్నెసోటాలో మేకుల చక్రానికి రోడ్డు మూసినవారు సరస్సును మూయలేదు. రోడ్డు నుండి సరస్సుకు చేరే ఉపాయం కూడా జనం చేతిలో ఉన్నది. మనం మడిని మూయలేదు, రోడ్డును మూశాము, నడుమనున్న దారిని మాత్రం మనమే మ్రింగాము. జరిమానా రసీదు చించుకొనే ముందు పల్లెలో ప్రతి ఒక్కడూ తన గట్టు ఎక్కడున్నదో చూచుకొంటే సగం సమస్య తీరుతుంది. ప్రభుత్వం చేయవలసిన పని ప్రభుత్వం చేయవలె. మన గట్టు మనమే జరుపుకోవలె.

పట్టణవాసులు ఇది పల్లెల గొడవ అనుకోరాదు. ఆబిడ్స్‌లో దుకాణం ముందు కాలిబాట మీదికి జరిగిన మెట్టు, నాంపల్లి సందులో ఇంటి ముందుకు సాగిన అరుగు, వీటికీ మా గట్టుకూ భేదం లేదు. నడిచేవాడు కాలిబాట లేక రోడ్డు మీదికి దిగుతాడు. బండివాడు వానిని తిడతాడు. అడుగు వేయడానికి పట్టు ప్రతివానికీ కావలసిందే. ఆ పట్టు ఎవరి నేల మీద పెడుతున్నామన్నదే ప్రశ్న.

చాలాకాలానికి ఒక ఆటవెలది వచ్చింది. దోషాలుంటే పెద్దలు దిద్దగలరు.

మంచు మీద కోర మంచిదే యైనను
బురదలోన కోర పూజ్యమైన
బాట మీద దాని పట్టు విడువవలె
నలుగురిదగు దారి నాది కాదు.

చివరగా మిత్రులకు రెండు మనవులు. ఏటీవీకి, మేకుల టైరుకు చక్కని తెలుగు మాటలు మీకేమైనా తోస్తే వ్రాయండి. నాకు "కోరచక్రం" అన్నది తోచింది. అది దమ్ము చక్రానికీ, మంచు చక్రానికీ రెండింటికీ సరిపోతుంది. రెండవది, మీ మీ ఊళ్ళలో డొంకలు, పుంతలు, బండ్ల బాటలు ఏమైనవో తెలిసినంత వరకు తెలియజేయండి. తిరిగి తెరిపించుకొన్న ఊరు ఒక్కటైనా ఉంటే ఆ సంగతి మా అన్నకు చదివి వినిపించవలెనని ఉన్నది. ఆయన ఫోను ఎత్తిననాడు.

స్వస్తి.